సొంతిల్లు కట్టుకునేవారి దగ్గర జీఎస్టీ ఎలా వసూలు చేయాలి: పన్నుల శాఖకు, కాంట్రాక్టర్లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పన్నుల శాఖ కమిషనర్లకు, జీఎస్టీ మండలిలో మన తరఫున కూర్చునే ఇద్దరు ఆర్థిక మంత్రులకు, ఊరూరా ఇళ్లు కట్టే కాంట్రాక్టర్లకు, మేస్త్రీలకు,

నమస్కారం. సొంత స్థలంలో ఒక్క ఇల్లు కట్టుకునేవారి మీద పన్ను ఏ లెక్కన పడాలో తెలుగులో ఒక్క పేజీలో చెప్పండని ఇచ్చిన వినతులకు జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ పెడుతున్నాం. ఇళ్ల అంచనాలు వేసేవాళ్లం, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసేవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం.

సంగతి ఇది. ఒకే వీధిలో పక్కపక్క స్థలాల్లో ఒకే కొలతలతో మూడు ఇళ్లు లేస్తుంటాయి. ఒకరి బిల్లులో 18 శాతం ఉంటుంది. ఇంకొకరి దగ్గర 5 శాతం తీసుకుంటారు. మూడోవారికి బిల్లే ఉండదు, "జీఎస్టీ కింద" అని చేతిలో పెట్టించుకున్న డబ్బు మాత్రం ఉంటుంది. ఈ మూడింటిలో ఏది సరైనదో తెలుసుకునే దారి ఇంటి యజమానికి లేదు. తెలిసిన కాంట్రాక్టర్లు కూడా తక్కువే, ఇది వాళ్ల తప్పు ఒక్కటే కాదు.

ముందు చట్టంలో ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం.

1. కూలీ కాంట్రాక్టుకు పన్ను లేదు, ఇల్లు ఒక్క కుటుంబానిదైతే. 2017 జూన్ 28న వచ్చిన 12/2017 నోటిఫికేషన్ (ఏ సేవలకు జీఎస్టీ లేదో చెప్పే ఉత్తర్వు)లో 11వ అంశం ఇదే చెబుతుంది. సామాను యజమాని కొనిస్తాడు, మేస్త్రీ మనుషుల్ని పెట్టి కట్టిస్తాడు, చదరపు అడుగుకు ఇంత అని కూలీ మాట్లాడుకుంటారు. కొత్త కట్టడమై, విడిగా ఉన్న ఒకే నివాసమైతే ఆ కూలీ మీద పైసా పన్ను పడదు. ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో లబ్ధిదారులు సొంతంగా కట్టుకునే ఇళ్ల కూలీకి 10వ అంశం కింద మినహాయింపు ఉంది. అది మరమ్మతులకు కూడా వర్తిస్తుంది. 11వ అంశం అలా కాదు, కొత్త పనికే. పదేళ్ల నాటి ఇంటికి మళ్లీ రంగులు వేయించినా, బాత్రూమ్ టైల్స్ మార్పించినా ఆ కూలీకి ఈ మినహాయింపు రాదు.

2. మెటీరియల్‌తో సహా గుత్తకు ఇస్తే 18 శాతం. సిమెంటు, ఇనుము, ఇసుక, కూలీ అన్నీ కాంట్రాక్టరువే అయితే చట్టం దాన్ని వర్క్స్ కాంట్రాక్ట్ అంటుంది, సేవగా లెక్కేస్తుంది. సేవల కోడ్ 9954. కేంద్రానికి 9, రాష్ట్రానికి 9.

3. 5 శాతం, 1 శాతం ఇక్కడివి కావు. 2019 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ఆ రేట్లు ప్రాజెక్టు కట్టి ఫ్లాట్లు అమ్మే బిల్డర్లవి. మీ స్థలంలో మీకు ఇల్లు కట్టిచ్చే కాంట్రాక్టరు "ఫ్లాట్లకు అయిదే కదా, నేనూ అయిదే తీసుకుంటా" అంటే అది మేలు కాదు. రేపు శాఖ నోటీసు ఇస్తే మిగతా 13 శాతానికి, వడ్డీకి ఆయన మళ్లీ మీ గుమ్మం ముందుకే వస్తాడు.

4. రిజిస్ట్రేషన్ లేనివారు పన్ను వసూలు చేయకూడదు. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటని కాంట్రాక్టరు మామూలుగా రిజిస్టర్ కానక్కర్లేదు. అయితే బిల్లులో జీఎస్టీ అనే మాటే రాయకూడదు, జీఎస్టీ చట్టం 32వ సెక్షన్ దాన్ని నిషేధిస్తోంది. కాంపొజిషన్‌లో, అంటే చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద తక్కువ రేటున పన్ను కట్టి క్రెడిట్ వదులుకునే పద్ధతిలో, ఉన్నవారిదీ అంతే. 50 లక్షల లోపు టర్నోవర్ ఉన్న సేవలవారు 6 శాతం తమ జేబులోంచి కట్టాలి, యజమాని దగ్గర విడిగా వసూలు చేయకూడదు. వాళ్లిచ్చేది ట్యాక్స్ ఇన్‌వాయిస్ కాదు, బిల్ ఆఫ్ సప్లై. పన్ను వసూలు చేసే అర్హత లేదని దాని మీదే రాసి ఉండాలి.

చట్టం ఇంతవరకు సూటిగానే ఉంది. చిక్కంతా సైటు మీద మొదలవుతుంది. జనం ఎక్కువగా నష్టపోయే చోటు నుంచి వరుసగా చెబుతాం.

5. పన్ను మీద పన్ను. అన్నిటికంటే పెద్ద నష్టం ఇదే, కంటికి కనిపించనిదీ ఇదే. ఒక్క సిమెంటు బస్తా తీసుకుని చూడండి. పన్ను లేకుండా ధర 280 రూపాయలు అనుకుందాం. 18 శాతం అంటే 50 రూపాయల 40 పైసలు, షాపు బిల్లు 330.40. రెగ్యులర్ రిజిస్ట్రేషన్ ఉన్న కాంట్రాక్టరు ఆ 50.40ని ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకుంటాడు, అంటే తాను ప్రభుత్వానికి కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకుంటాడు. అంటే ఆయనకు బస్తా పడింది 280కే. యజమానికి చెప్పే రేటు కూడా 280 మీదే కట్టాలి, దాని మీద 18 శాతం వేయాలి. అప్పుడు యజమానికి బస్తా 330.40కే పడుతుంది. సైట్ల మీద జరుగుతున్నది వేరు. షాపు బిల్లులోని 330.40ని అంచనాలో వేసి, చదరపు అడుగు రేటు తేల్చి, దాని మీద మళ్లీ 18 శాతం వేస్తున్నారు. బస్తా 389.87 అవుతుంది. అదనంగా పోయిన 59.47లో ప్రభుత్వానికి చేరేది 9.07, మిగతా 50.40 కాంట్రాక్టరు దగ్గర ఉండిపోతుంది. 1,200 చదరపు అడుగుల ఇంటికి సుమారు 480 బస్తాలు పడతాయి. ఒక్క సిమెంటు మీదే 28,500 రూపాయలు. ఇనుము, టైల్స్, వైర్లు, పైపులు, రంగులు అన్నిటికీ ఇదే లెక్క నడుస్తుంది. చాలామంది కాంట్రాక్టర్లు ఇది కావాలని చేయడం లేదు, అంచనా వేసేటప్పుడు చేతిలో ఉన్న షాపు బిల్లు చూసి అంకె వేస్తున్నారు. కావాలని చేసినా, తెలియక చేసినా యజమాని అప్పు పెరిగేది ఒక్కలాగే.

2025 సెప్టెంబర్ 22న సిమెంటు పన్ను 28 నుంచి 18కి తగ్గినప్పుడు సొంతిల్లు చవకవుతుందని అందరూ అన్నారు. సిమెంటు తానే కొనుక్కునే యజమానికి పై లెక్కన బస్తాకు 28 రూపాయలు తగ్గాలి, నిజమే. క్రెడిట్ తీసుకునే కాంట్రాక్టరుకు గుత్తకిచ్చినవారికి ఆ తగ్గింపు వల్ల ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే 28 శాతమూ ఆయనకు క్రెడిట్‌గా వెనక్కి వచ్చేదే, ఇంటి మీద పడే పన్ను అప్పుడూ 18, ఇప్పుడూ 18. రిజిస్ట్రేషన్ లేనివారికి, కాంపొజిషన్‌లో ఉన్నవారికి మాత్రం ఖర్చు నిజంగా తగ్గింది. వాళ్ల పాత రేట్లు అలాగే ఉంటే యజమానులు అడగాల్సిందే.

6. స్లాబ్ పడ్డాక వచ్చే జీఎస్టీ. అగ్రిమెంటులో "చదరపు అడుగుకు 1,800 రూపాయలు" అని ఉంటుంది, పన్ను మాట ఉండదు. పునాది, పిల్లర్లు, స్లాబ్ అయ్యేదాకా ఎవరూ ఎత్తరు. సెంట్రింగ్ విప్పాక "జీఎస్టీ అదనం సార్" అంటారు. 1,200 చదరపు అడుగులకు 21,60,000. దాని మీద 18 శాతం 3,88,800. ఆ దశలో కాంట్రాక్టరును మార్చలేరు, సగం ఇంటిని వదిలేయలేరు, బ్యాంకు మంజూరు చేసిన అప్పులో ఈ అంకె లేదు. బంగారం తాకట్టుకు వెళ్లేది ఇక్కడే. పన్ను కలిపి చెప్పిన ధర నుంచి పన్నును విడదీసే సూత్రం జీఎస్టీ నిబంధనల్లోనే, 35వ రూల్‌లో ఉంది. 21,60,000ని 118తో భాగించి 18తో గుణిస్తే 3,29,492. పన్ను గురించి అగ్రిమెంటులో ఏమీ రాయని చోట ధరలోనే పన్ను ఉందని తీసుకోవాలని మేం కోరుతున్నాం. పన్ను అదనమైతే ఆ మాట, రేటు, అంకె మొదటి కాగితం మీదే ఉండాలి.

7. పైన పోర్షన్ వేస్తే. మన ఊళ్లలో కింద తాము ఉండి పైన అద్దెకు ఇవ్వడం మామూలు. పైన విడిగా వంటగది, విడిగా మెట్లు పెడితే అది రెండో నివాసం. ఒకటి కంటే ఎక్కువ నివాసాలున్న భవనాన్ని నోటిఫికేషన్ నివాస సముదాయం అంటోంది, కూలీ మినహాయింపు పోతుంది. మేస్త్రీ రిజిస్టర్ అయి ఉంటే 2,400 చదరపు అడుగుల కూలీ, అడుగుకు 400 చొప్పున, 9,60,000. దాని మీద పన్ను 1,72,800. అదే ఒక్క కుటుంబం ఉండే డూప్లెక్స్ అయితే సున్నా. నెలకు అయిదారు వేల అద్దె వస్తుందని పోర్షన్ వేసుకునే రిటైర్డు టీచరుకు ఈ తేడా చెప్పేవారెవరు? ప్లాను గీసే రోజు చెప్పాలి. ప్రస్తుతం అది బయటపడేది ఆఖరి బిల్లు రోజు.

8. అచ్చంగా కూలీ అంటే ఏది? నోటిఫికేషన్‌లో నిర్వచనం లేదు. మేస్త్రీ తన సెంట్రింగ్ సామాను, మిల్లరు, వైబ్రేటరు తెచ్చుకుంటాడు, పని అయ్యాక తీసుకుపోతాడు. అవి ఇంట్లో కలిసిపోవు, యజమాని సొంతం కావు. కాబట్టి మినహాయింపు పోకూడదు. బైండింగ్ వైరు, మేకులు మేస్త్రీయే తెస్తే? చిన్న ఖర్చే, కానీ అవి ఇంట్లో ఉండిపోయే సామాను. ఇలాంటివాటికి ఒక స్పష్టమైన సర్క్యులర్ ఉంటే సరిపోయేది.

9. ఒక అగ్రిమెంటును రెండు బిల్లులుగా చీల్చడం. పన్ను తప్పుతుందని కొందరు మెటీరియల్‌కు ఒకటి, కూలీకి ఒకటి రాసిస్తున్నారు. ఇల్లు మొత్తం కట్టిచ్చే ఒప్పందం ఒకటే అయినప్పుడు కాగితాలు రెండైతే పని రెండు కాదు. నిజంగా కూలీ కాంట్రాక్టే అయితే సామాను బిల్లులు యజమాని పేరున ఉంటాయి, డబ్బు యజమాని ఖాతా నుంచి షాపుకు వెళుతుంది. అలా లేని చోట ఈ చీలిక నిలబడదు. దాన్ని నమ్ముకోవద్దని యజమానులకూ చెబుతున్నాం.

ఇక శాఖవారు ముఖ్యంగా ఆలోచించాల్సిన విషయం. ఒక వ్యాపారి ఇంకో వ్యాపారికి బిల్లు ఇస్తే కొన్నవారు పోర్టల్‌లో చూసుకోగలరు, ఆ పన్ను రిటర్నులో చేరిందో లేదో తెలుస్తుంది. ఇంటి యజమానికి జీఎస్టీ నంబరు ఉండదు. రాష్ట్రం లోపల ఆయనకిచ్చిన బిల్లు కాంట్రాక్టరు రిటర్నులో విడిగా కనిపించదు, రేటువారీ మొత్తంలో కలిసిపోతుంది. అంటే 3,88,800 రూపాయలు కట్టిన మనిషికి అందులో ఒక్క రూపాయైనా ఖజానాకు చేరిందో లేదో చూసే హక్కు లేదు. 17వ సెక్షన్ 5వ ఉపవిభాగం వల్ల సొంతింటి మీద కట్టిన పన్నుకు యజమానికి క్రెడిట్ రాదు, కాబట్టి ఈ పన్నును చివరిగా మోసేది ఆ కుటుంబమే. చివరిగా మోసేవాడికే చూసుకునే వీలు లేకుండా చేశారు.

రేటు సంగతీ చెప్పాలి. జీఎస్టీకి ముందు మన దగ్గర కాంపొజిషన్ ఎంచుకున్న కాంట్రాక్టరు కాంట్రాక్టు విలువ మీద 5 శాతం వ్యాట్ కట్టేవాడు, విడి ఇంటి నిర్మాణానికి సర్వీస్ ట్యాక్స్ మినహాయింపు ఉండేది. సామాను మీద ఎక్సైజు పన్ను ధరలో కలిసి ఉండేది, అది మరిచిపోలేదు. జీఎస్టీ వచ్చాక 2017 ఆగస్టులో విడి ఇంటికి 12 శాతం పెట్టారు. 2022 జూన్ నెలాఖరులో చండీగఢ్‌లో జరిగిన 47వ మండలి సమావేశం తర్వాత ఆ అంశాన్ని తీసేశారు, జూలై 18 నుంచి 18 శాతం అయింది. పైన చెప్పిన ఇంటికే 2,59,200 పోయి 3,88,800 వచ్చింది. ఒక్క రాత్రిలో 1,29,600 తేడా. రోడ్లు, వంతెనల కాంట్రాక్టుల జాబితాతో పాటు ఇదీ కొట్టుకుపోయింది. రోడ్డు మీద పెరిగిన పన్నును ప్రభుత్వమే ప్రభుత్వానికి కడుతుంది. ఇంటి మీద పెరిగినది కుటుంబం కడుతుంది.

బ్రిటన్‌లో కొత్త ఇల్లు కట్టే కాంట్రాక్టరు సామానుకూ కూలీకీ కలిపి వ్యాట్ సున్నా శాతం వేయాలి. సొంతంగా సామాను కొని కట్టుకున్నవారు ఇల్లు పూర్తయ్యాక 6 నెలల్లోపు ఒక్క దరఖాస్తుతో ఆ వ్యాట్ వెనక్కి తీసుకోవచ్చు. అంత దూరం వెళ్లమని మేం అడగడం లేదు. సొంతిల్లు కట్టుకోవడం వ్యాపారం కాదన్న ఆలోచన పన్ను చట్టంలో ఇమడగలదని చూపడానికే ఈ మాట.

కాంట్రాక్టర్లకు మా విన్నపం ఇది. ఇవన్నీ రేపటి నుంచే చేయగలిగినవి.

10. అంచనా వేసేటప్పుడు షాపు బిల్లులోని పన్ను లేని ధరనే తీసుకోండి. కూలీ, పర్యవేక్షణ, మీ లాభం కలపండి. వచ్చిన మొత్తం మీద ఒక్కసారే 18 శాతం వేసి రెండు అంకెలూ విడిగా చూపండి. అగ్రిమెంటులో మీ జీఎస్టీ నంబరు, మీరు రెగ్యులరా కాంపొజిషనా, ఏ సామాను ఎవరిది అన్నది రాయండి. యజమాని తెస్తానని రాసిన సామాను విలువ మీద పన్ను వేయకండి. మీరు తెస్తానని రాసి, యజమాని చేత డబ్బు కట్టించినదైతే అది 15వ సెక్షన్ ప్రకారం మీ విలువలోకే వస్తుంది, ఆ తేడా గుర్తుంచుకోండి.

11. బిల్లు దశలవారీగా ఇవ్వండి. పునాది, లింటెల్, స్లాబ్, ప్లాస్టరింగ్ అని చెల్లింపులు దశలకు కట్టి ఉంటే, ఆ దశ పూర్తయ్యే తేదీకల్లా ఇన్‌వాయిస్ ఇవ్వాలని చట్టం. అడ్వాన్సు తీసుకుంటే రిసీట్ వోచర్ ఇవ్వండి. సేవల్లో అడ్వాన్సు మీదే పన్ను పడుతుంది, కాబట్టి తర్వాతి బిల్లులో ఆ మేరకు తగ్గించాలి. అడ్వాన్సు మీద ఒకసారి, పూర్తి బిల్లు మీద ఇంకోసారి వసూలు చేస్తున్న చోట్లు చాలా ఉన్నాయి.

12. యజమాని తరఫున మున్సిపాలిటీకి కట్టిన పర్మిషన్ ఫీజు, లేబర్ సెస్సు అసలు రసీదు ప్రకారం విడి వరుసలో చూపండి. యజమాని అనుమతితో, ఉన్నదున్నట్టు కడితే 33వ రూల్ కింద అది మీ విలువలోకి రాదు, దాని మీద 18 శాతం తగదు.

13. కూలీ కాంట్రాక్టులే చేసే మేస్త్రీలకు ఒక హెచ్చరిక. మినహాయింపు ఉన్న పనులే చేసినంతకాలం టర్నోవర్ ఎంతైనా మీకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మధ్యలో ఒక పాత ఇంటి మరమ్మతో, ఒక షాపు పనో పట్టుకుంటే మాత్రం మినహాయింపు ఉన్న కూలీ కూడా 20 లక్షల లెక్కలో కలుస్తుంది.

యజమానులు ఒక్క పని చేయండి. నంబరు చూడండి. 15 అక్షరాలుంటాయి, మొదటి రెండు అంకెలు తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, తర్వాతి 10 కాంట్రాక్టరు పాన్. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే ఆ నంబరు కొడితే పేరు, రెగ్యులరా కాంపొజిషనా, రిజిస్ట్రేషన్ నడుస్తోందా రద్దయిందా, రిటర్నులు వేస్తున్నారా లేదా కనిపిస్తాయి. అడ్వాన్సు ఇచ్చే ముందు ఒకసారి, స్లాబ్ బిల్లు ముందు ఇంకోసారి చూడండి. రద్దయిన నంబరుతో బిల్లులు ఇస్తున్నవారున్నారు.

ప్రభుత్వాల ముందు మా డిమాండ్లు:

14. విడి ఇంటి వర్క్స్ కాంట్రాక్టుకు 2022 జూలై 18కి ముందున్న ప్రత్యేక తక్కువ రేటు మళ్లీ రావాలి. 12 శాతం శ్లాబే ఇప్పుడు లేదంటారేమో. ఫ్లాట్లకు క్రెడిట్ లేకుండా 5 శాతం పెట్టగలిగినప్పుడు విడి ఇంటికి అలాంటి దారి ఎందుకు ఉండదు? 150 చదరపు మీటర్ల వరకైనా ఇవ్వండి. ఇద్దరు ఆర్థిక మంత్రులూ కలిసి దీన్ని మండలి అజెండాలో పెట్టాలి.

15. 11వ అంశంలో అచ్చమైన కూలీ కాంట్రాక్టు అంటే ఏమిటో, మేస్త్రీ పరికరాలు, చిల్లర సామాను సంగతేమిటో సర్క్యులర్ ఇవ్వాలి. యజమాని ఉండే ఇంటి పైన ఒక్క పోర్షన్ ఉన్నంతమాత్రాన మినహాయింపు పోకుండా సవరించాలి. ఇందిరమ్మ ఇళ్ల లబ్ధిదారుకు దశలవారీగా వచ్చే 5 లక్షల్లోంచి మేస్త్రీకిచ్చే కూలీ మీద పన్ను లేదన్న మాట ఆ మంజూరు పత్రం మీదే అచ్చు వేయాలి.

16. యజమాని పాన్ లేదా ఫోన్ నంబరు ఆధారంగా, ఇంటి నిర్మాణ బిల్లు కాంట్రాక్టరు రిటర్నులో చేరిందో లేదో చూసుకునే వీలు పోర్టల్‌లో కల్పించాలి.

17. భవన అనుమతి పత్రంతో పాటే తెలుగులో ఒక్క పేజీ ఇవ్వండి. కూలీ కాంట్రాక్టయితే ఎంత, మెటీరియల్‌తో అయితే ఎంత, పోర్షన్ ఉంటే ఎంత, నంబరు ఎలా చూడాలి. చాలా ఇళ్లు అనుమతి దగ్గరికి రాక తప్పదు, కాబట్టి ఎక్కువమందికి చేరే చోటు అదే. దీనికి మండలి అక్కర్లేదు, చట్ట సవరణ అక్కర్లేదు.

18. రిజిస్ట్రేషన్ లేకుండా, రద్దయిన నంబరుతో, కాంపొజిషన్‌లో ఉండి జీఎస్టీ వసూలు చేసినవారి దగ్గర 76వ సెక్షన్ కింద ఆ మొత్తం రాబట్టండి. అది ఖజానాలో వేసుకుని ఊరుకోవద్దు. వసూలే చెల్లని పన్ను ఎవరి దగ్గర తీసుకున్నారో వారికి తిరిగి చేరే పద్ధతి పెట్టండి, ఫిర్యాదు ఇచ్చినవారికి లిఖితపూర్వకంగా జవాబివ్వండి.

17వ డిమాండుకు కావాల్సిన పేజీని మేమే రాసి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం. తప్పులుంటే దిద్ది, మీ ముద్ర వేసి పంచండి.

ఇట్లు,
ఇళ్ల అంచనాలు, పన్ను లెక్కలు చూసే పనివాళ్లం